యానాం చూడబోయే మనవాళ్లకు

యానాం ఆంధ్రలోనిదే అనుకునేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా, యానాం మాత్రం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక జిల్లా. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లు, గౌతమీ గోదావరి ఒడ్డు. రాజధాని మాత్రం 800 కిలోమీటర్ల పైమాటే. విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనాభా 55,626.

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, గిట్టక 1727లో వదిలి, 1731లో మళ్లీ వచ్చారు. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లు ఆక్రమించుకున్నారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనం జరిగింది. చట్టప్రకారం భారతదేశంలో విలీనమైంది 1962 ఆగస్టు 16న.

మన ఇళ్లకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 1929లో శారదా చట్టం వచ్చాక, ఇంగ్లీషు ఏలుబడిలోని తెలుగువాళ్లు చిన్నపిల్లలకు పెళ్లి చేయడానికి యానాం చేరేవారు. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు గదా! అందుకే దీన్ని కల్యాణపురం అన్నారు. పేరు ముచ్చటగా ఉంది గానీ, ఆ పీటల మీద కూర్చున్నది ఆడుకునే వయసు పిల్లలు. మా సంఘంలో రెండు మూడు ఇళ్లలో ముత్తవ్వ పెళ్లి యానాంలో అయిందని చెప్పుకుంటారు. మీ ఇంట్లోనూ అలాంటి మాట ఉంటే, పెద్దవాళ్లు ఉండగానే అడిగి ఊరు, ఏడు, ఇంటిపేరు రాసి పెట్టుకోండి. మేము ఆలస్యం చేసి ఒక ఇంటి సంగతి పోగొట్టుకున్నాం.

యానాంకు రైలు లేదు. సామర్లకోటలోనో కాకినాడలోనో దిగి బస్సెక్కాలి. కోనసీమ వైపు నుంచైతే ఎదుర్లంక వంతెన మీదుగా రావచ్చు. ఎండాకాలం వద్దు, ఉక్కపోతకు పెద్దవాళ్లు తట్టుకోలేరు. 19వ శతాబ్దపు కేథలిక్ చర్చి, మీసాల వెంకన్న గుడి, సాయంత్రం గోదావరి గట్టు చూడాలి. దారిలో కోరింగ మడ అడవులకు ఒక పూట కేటాయించండి. మద్యం చౌకని వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లతో మనకు పని లేదు.

పుదుచ్చేరి అధికార భాషా చట్టం 1965 నాటిది. అందులో యానాంలో తెలుగు వాడుకకు చోటు ఇచ్చారు. తమిళం ప్రధానమైన పాలన కిందే అది సాగుతోంది. మనం ఇక్కడ అర్జీలు పెట్టేటప్పుడు ఈ ఉదాహరణ చూపవచ్చు. పిల్లల్ని తీసుకెళ్తే అక్కడి దుకాణాల బోర్డులు వాళ్ల చేతే చదివించండి.