గేరు పడకపోతే గేరుబాక్స్‌నే అనుమానించాలా? క్లచ్ కథ కొంచెం



పోయిన ఆదివారం మీటింగ్ అయ్యాక కాఫీ తాగుతుంటే మన సభ్యులొకరు దిగులుగా కనిపించారు. ఏమిటని అడిగితే కారు సంగతి చెప్పారు. పొద్దున్నే ఫస్ట్ గేరు పడటం లేదట. రివర్స్ వేస్తే కర్రుమని శబ్దం వస్తోందట. గ్యారేజీలో చూపిస్తే "గేరుబాక్స్ దించాలి సార్" అన్నారట. ఆయన పెన్షన్ మీద బతికే మనిషి. "సరే అనేద్దామనుకుంటున్నాను" అన్నారు. "ఒక్కరోజు ఆగండి, ముందు పరీక్ష చేసి చూద్దాం" అన్నాను.

ఆ పరీక్ష అర్థం కావాలంటే కొంచెం చరిత్ర తెలియాలి. మన పాదం కింది పెడల్ నుంచి క్లచ్ దాకా వెళ్ళే దారి కాలంతోపాటు మారుతూ వచ్చింది. ఏ కాలపు బండికి ఆ కాలపు జబ్బు ఉంటుంది. అందుకే ఈ పొడుగాటి పోస్టు. ఓపికగా చదవండి.

రైల్వేలో పనిచేసినవాణ్ని కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. ఆవిరి ఇంజన్‌కి క్లచ్ లేదు, గేర్లు లేవు. నిలబడి ఉన్నప్పుడే ఆవిరి పిస్టన్‌ని నెట్టగలదు, కాబట్టి చక్రం సున్నా నుంచే కదులుతుంది. తర్వాత వచ్చిన డబ్ల్యూడీఎం-2 లాంటి డీజిల్ ఇంజన్లలో డీజిల్ ఇంజన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. అక్కడా క్లచ్ అవసరం పడలేదు. కానీ కారులోని పెట్రోల్ ఇంజన్ అలా కాదు. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతుంటేనే దానికి ప్రాణం. నిలబడ్డ చక్రానికి నేరుగా కట్టేస్తే ఆగిపోతుంది. అందుకే మధ్యలో కలపడానికి, విడదీయడానికి ఒకటి కావాలి. అదే క్లచ్.

1891లో ఫ్రాన్సులో పానార్ లెవాసోర్ కంపెనీ ఇంజన్‌ని ముందుపెట్టి, దాని వెనక క్లచ్, ఆ వెనక జరిగే పళ్ళచక్రాల గేర్లు అమర్చింది. శక్తి వెనక చక్రాలకు పోయేది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ప్రపంచమంతా దాదాపు ఇదే వరస. ఆ గేర్లలో చిక్కు ఏమిటంటే, వేరువేరు వేగాల్లో తిరిగే రెండు పళ్ళచక్రాలను ఒకదానిలోకి ఒకటి తోయాలి. వేగాలు కలవకపోతే పళ్ళు కొట్టుకుంటాయి.

1932లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో మొదలుపెట్టింది. మన తెలుగువాళ్ళ ఆర్టీసీలకు మూలం అదే. అంటే మన ఆర్టీసీ రైల్వే కడుపున పుట్టిన బిడ్డ. ఆ కాలపు బస్సులు నడిపిన డ్రైవర్లు ప్రతి గేరుకీ క్లచ్ రెండుసార్లు తొక్కేవాళ్ళు. ఒకసారి తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి వదలాలి, కింది గేరుకైతే కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి, మళ్ళీ తొక్కి గేరు వేయాలి. దీన్నే డబుల్ క్లచ్ అనేవారు. చెవితో ఇంజన్ శబ్దం విని గేరు వేసేవాళ్ళు. అది నేర్చుకున్న విద్య.

ఈ కష్టానికి మందు 1928లో అమెరికాలో క్యాడిలాక్ కారుతో వచ్చింది. పేరు సింక్రోమెష్. పళ్ళు కలిసేముందు ఒక చిన్న ఇత్తడి రింగు రాపిడితో రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది. ఈరోజు మనం కార్లలో వేసే ముందు గేర్లలో పనిచేసేది ఈ పద్ధతే. కానీ గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. క్లచ్ పూర్తిగా విడిపోతేనే ఆ రింగు పని చేయగలదు. క్లచ్ సగమే విడిపోతే ఇంజన్ గేర్లను తిప్పుతూనే ఉంటుంది. పాపం ఆ చిన్న రింగు మొత్తం ఇంజన్‌తో కుస్తీ పట్టాలి. అప్పుడు గేరు పడదు. తప్పు క్లచ్‌ది, నింద గేరుబాక్స్‌కి.

ఇక మన దేశానికి వద్దాం. లైసెన్సుల కాలంలో రోడ్డు మీద ఎక్కువగా కనిపించినవి రెండే కార్లు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, బొంబాయిలో తయారైన ఫియట్, అంటే తర్వాతి పద్మిని. రెండింటికీ గేరు కర్ర స్టీరింగ్ పక్కనే. ముందు సీటులో ముగ్గురు కూర్చునే వీలుండేది. కానీ స్టీరింగ్ దగ్గర కర్ర కదిలిస్తే ఆ కదలిక రాడ్లు, లీవర్లు దాటుకుని గేరుబాక్స్‌కి చేరాలి. ప్రతి అతుకు దగ్గరా ఒక బుష్. బుష్ అరిగితే కర్ర కదులుతుంది, గేరు మాత్రం కదలదు. ఒక్కోసారి రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోతుంది. సిగ్నల్ దగ్గర టాక్సీ డ్రైవర్ దిగి, బానెట్ ఎత్తి, చేత్తో లీవర్‌ని అటూ ఇటూ లాగి మళ్ళీ ఎక్కడం నా వయసు వాళ్ళందరూ చూసే ఉంటారు. గేరుబాక్స్ లోపల ఏ లోపమూ ఉండేది కాదు. జేసీ రోడ్డులో బుష్‌లు కొనుక్కుంటే సరిపోయేది. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ వైపు నడిచి చూడండి, ఇప్పటికీ అది స్పేర్ పార్టుల బజారే.

1983 డిసెంబర్ 14న మారుతి 800 వచ్చింది. గేరు కర్ర నేలమీదికి వచ్చింది. పెడల్‌ని క్లచ్‌తో కలిపేది ఒక కేబుల్, సైకిల్ బ్రేకు తీగలాంటిదే, కాస్త లావుది. తేలిక, చవక. కానీ తీగకి తీగ జబ్బులుంటాయి. లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, తొడుగు లోపల ఎండిపోయి పెడల్ బరువెక్కుతుంది, తీగ సాగితే క్లచ్ పూర్తిగా విడిపోదు.

ఇది నా సొంత అనుభవం. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న 800కి ఇదే వచ్చింది. ఒక గ్యారేజీలో గేరుబాక్స్ దించి, క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగ్ అన్నీ మార్చారు. నెల జీతంలో సగం పోయింది. మూడు వారాలకే మళ్ళీ అదే కథ. అప్పుడు జేసీ రోడ్డు సందులో హిందూపురం వైపు మేస్త్రీ ఒకాయన బండి చుట్టూ కూడా తిరగలేదు. "ఇంజన్ ఆపి గేర్లు వేయండి సార్" అన్నాడు. అన్నీ మెత్తగా పడ్డాయి. "ఇప్పుడు స్టార్ట్ చేసి వేయండి" అన్నాడు. పడలేదు. "గేరుబాక్స్ బంగారంలా ఉంది సార్, మీ కేబుల్ పోయింది" అన్నాడు. పెడల్ దగ్గర తీగ పోగులు సగం తెగి ఉన్నాయి. గంటలో పని అయిపోయింది. ఆ రోజునుంచి ఈ విషయం మీద పుస్తకాలు, మెకానిక్కుల మాటలు వదలకుండా పట్టుకున్నాను.

మూడో దారి హైడ్రాలిక్. రాడ్డు, తీగ బదులు నూనె. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, క్లచ్ దగ్గర స్లేవ్ సిలిండర్. ఇది కొత్తదేమీ కాదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లో 1960లలోనే ఉంది. ఇప్పుడు చాలా కార్లలో ఇదే. దీని జబ్బులు రెండు: నూనె కారడం, లోపలికి గాలి చేరడం. గుర్తు సులువు. పెడల్ రెండు మూడుసార్లు గబగబా తొక్కాక గేరు పడితే అనుమానం హైడ్రాలిక్ మీదే.

ఇక పరీక్ష వరస. సమతలమైన ఖాళీ చోట హ్యాండ్‌బ్రేకు వేసి చేయండి.

మొదట పెడల్ కింద చూడండి. మందపాటి మ్యాట్ అడ్డుపడి పెడల్ పూర్తిగా దిగకపోవడం నేనే రెండు కార్లలో చూశాను. తర్వాత ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేయండి. ఆపినప్పుడు సులువుగా, స్టార్ట్ చేశాక గట్టిగా ఉంటే క్లచ్ విడిపోవడం లేదు. కేబుల్, నూనె, పెడల్ ఆట చూపించుకోండి. అవి బాగుంటేనే క్లచ్ ప్లేటు దాకా వెళ్ళాలి. రెండు సమయాల్లోనూ గట్టిగా ఉంటే గేరు కర్ర కింది బుష్‌లు, రాడ్లు లేదా గేరు కేబుళ్ళు చూపించుకోండి. ఒకే ఒక్క గేరు కర్రుమని, మిగతావి బాగుంటే ఆ గేరు సింక్రో రింగు అరిగి ఉండొచ్చు. అప్పుడు మాత్రం గేరుబాక్స్ విప్పక తప్పదు. పొద్దున గట్టిగా ఉండి, బండి వేడెక్కాక మెత్తబడితే గేరు ఆయిల్ ఎప్పుడు మార్చారో, సరైనదే పోశారో కనుక్కోండి.

మన సభ్యుల ఇంటికి మర్నాడే వెళ్ళాను. ఇంజన్ ఆపితే గేర్లు పడ్డాయి. స్టార్ట్ చేసి పెడల్ మూడుసార్లు తొక్కితే పడ్డాయి. బానెట్ ఎత్తి చూస్తే నూనె డబ్బాలో మట్టం కింది గీత కన్నా తక్కువ. స్లేవ్ సిలిండర్ రబ్బరు దగ్గర తడి. ఆ కారులో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా. అది చూసి ఆయన ముఖం పాలిపోయింది. గేరు సంగతి అలా ఉంచండి, ఇది బ్రేకుల దాకా వచ్చే విషయం. బండి అక్కడే ఆపించి మెకానిక్‌ని ఇంటికి పిలిపించాం. ఆ కారులో సిలిండర్ బయటే ఉంది కాబట్టి గేరుబాక్స్ దించకుండానే పని జరిగింది. కొన్ని కార్లలో అది గేరుబాక్స్ ముందు గూటి లోపలే ఉంటుంది, వాటికి దించక తప్పదు. అందుకని దించాలన్న ప్రతి మెకానిక్కూ మోసగాడు కాదు. ఎందుకు దించాలో చెప్పమని అడగడం మాత్రం మన హక్కు.

ఈ కథకి చివరి మజిలీ కూడా మన ఊళ్ళోనే. 2001లో బెంగళూరులో తయారైన రేవా కరెంటు కారు వచ్చింది. దానికి రెండే పెడళ్ళు, క్లచ్ లేదు. రైల్వే మోటార్లు ఎప్పుడో చేసి చూపించినది చివరికి కారు కూడా నేర్చుకుంది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అదే ఏడు మారుతి సెలెరియోలో ఏఎంటీ వచ్చింది. అందులో క్లచ్ ఉంది, మామూలు గేరుబాక్సే ఉంది. తొక్కే పని మాత్రం యంత్రానిది.

రేపు మన మనవళ్ళు క్లచ్ అంటే ఏమిటి తాతా అని అడుగుతారు. అప్పటిదాకా మన వయసువాళ్ళ చేతిలో ఉన్నవి ఈ మాన్యువల్ బండ్లే. గ్యారేజీకి పోయేముందు ఇంజన్ ఆపి ఒకసారి గేర్లు వేసి చూడండి. ఐదు నిమిషాల పని.

పాత అంబాసిడర్, పద్మిని నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ అనుభవాలు కింద రాయండి. నేను ఎక్కడైనా పొరపాటు రాసి ఉంటే పెద్దలు దిద్దగలరు.