లోహ ఉత్ప్రేరకాలు – ఆధారం పాత్ర: ఒక భావన పరిణామం

లోహ ఉత్ప్రేరకాలు చర్యావేగాన్ని ఎలా పెంచుతాయో గత భాగంలో చదివారు. అక్కడ మన దృష్టి అంతా లోహం మీదే ఉంది. కాని చాలా సందర్భాల్లో ఖరీదైన లోహాన్ని ఒంటరిగా వాడరు. వాహనాల పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక పరికరంలో ప్లాటినం, పల్లేడియం, రోడియం కణాలు అల్యూమినా వంటి ఆక్సైడ్ల మీద పరుచుకొని ఉంటాయి. ఈ ఆక్సైడ్‌ను ఆధారం అంటాం. ఆధారం లోహాన్ని మోస్తుందా, మారుస్తుందా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానాలు కాలక్రమంలో ఎలా మారాయో ఇప్పుడు చూద్దాం.

ఉత్ప్రేరణకు 1835లో బెర్జీలియస్ పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం ఆధారాన్ని జడ పదార్థంగానే భావించారు. ఈ అభిప్రాయానికి బలమైన కారణమే ఉంది. ఒక ఘనాన్ని సగం అంచు గల ఎనిమిది ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం రెట్టింపవుతుంది. చర్య జరిగేది ఉపరితలం మీదే కాబట్టి లోహాన్ని చిన్న కణాలుగా ఉంచడం లాభం. వేడికి ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడిగా నిలపడమే ఆధారం పని అనుకున్నారు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఘనస్థితి భౌతికశాస్త్రం ఈ ఆలోచనను కదిలించింది. లోహం, అర్ధవాహకం తాకినప్పుడు వాటి ఫెర్మి స్థాయిలు సమానమయ్యే వరకు ఎలక్ట్రాన్‌లు ఒకదాని నుంచి మరొకదానికి ప్రవహిస్తాయి. అలాగైతే ఆధారంలోని ఎలక్ట్రాన్‌ల స్థితిని మార్చి, లోహం ఉత్ప్రేరక గుణాన్నీ మార్చవచ్చు కదా! జర్మనీలో ష్వాబ్, హంగరీలో సాబో, షోయ్‌మోషి ఈ దారిలో పనిచేశారు. నికెల్ కింద ఉన్న టైటానియం డయాక్సైడ్‌కు స్వల్పంగా ఇతర అయాన్‌లను చేర్చి, ఫార్మిక్ ఆమ్లం విఘటనం మీద దాని ప్రభావాన్ని హంగరీ శాస్త్రజ్ఞులు పరిశీలించారు.

1978లో అమెరికాలోని ఎక్సాన్ పరిశోధకులు టాస్టర్, ఫంగ్, గార్టెన్ ఒక ఆశ్చర్యకరమైన ఫలితాన్ని ప్రకటించారు. వారు రుథేనియం, రోడియం, పల్లేడియం, ఆస్మియం, ఇరిడియం, ప్లాటినం అనే ఆరు లోహాలను టైటానియం డయాక్సైడ్ మీద ఉంచారు. 200 డిగ్రీల సెల్సియస్ వద్ద హైడ్రోజన్‌తో క్షయకరణం చేసినప్పుడు అవి హైడ్రోజన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను మామూలుగానే అధిశోషించుకున్నాయి. 500 డిగ్రీల వద్ద క్షయకరణం చేస్తే ఆ శక్తి దాదాపు పోయింది. కణాలు కలిసిపోయి పెద్దవయ్యాయేమో అనుకుంటే, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ అనుమానాన్ని బలపరచలేదు. పైగా ఆక్సిజన్‌లో వేడిచేసి, మళ్లీ తక్కువ ఉష్ణోగ్రతలో క్షయకరణం చేస్తే పోయిన శక్తి తిరిగి వచ్చింది. దీనికి వారు ‘బలమైన లోహ–ఆధార అంతరచర్య’ అని పేరు పెట్టారు.

కారణం ఏమిటి? లోహానికీ టైటానియం అయాన్‌లకూ మధ్య బంధం ఏర్పడి ఎలక్ట్రాన్‌లు బదిలీ అవుతున్నాయని మొదట వివరించారు. 1980వ దశకంలోని ఉపరితల అధ్యయనాలు వేరొక సంగతిని బయటపెట్టాయి. కొంత ఆక్సిజన్‌ను కోల్పోయిన టైటానియం ఆక్సైడ్ మెల్లగా లోహకణాల మీదికి పాకి, పలుచని పొరగా కప్పుతోంది. వాయువు అణువులకు లోహం మీద చోటే దొరకడం లేదు. అధిశోషణం తగ్గడానికి ఇదే ప్రధాన కారణమని తేలింది.

అంతమాత్రాన ఎలక్ట్రాన్ బదిలీ అబద్ధం కాలేదు. 2016లో లిబుడా, సహచరులు సీరియం ఆక్సైడ్ మీది ప్లాటినం కణాల్లో ఆ బదిలీని లెక్కగట్టారు. సుమారు 50 పరమాణువులున్న కణాల్లో అది అత్యధికం: పది ప్లాటినం పరమాణువులకు దాదాపు ఒక ఎలక్ట్రాన్ ఆధారంలోకి వెళ్తుంది. అంతకంటే పెద్ద కణాల్లోనూ, చిన్న కణాల్లోనూ ఒక్కో పరమాణువుకు వచ్చే బదిలీ తగ్గుతుంది.

ఈ తేడా మీకెందుకు ముఖ్యం? లోపం పైపొరది అయితే ఆక్సీకరణంతో పొరను తొలగించాలి. ఎలక్ట్రాన్‌లది అయితే ఆధారాన్నో, కణ పరిమాణాన్నో మార్చాలి. కారణాన్ని తప్పుగా గుర్తిస్తే అరుదైన లోహం వృథా అవుతుంది. 1978 నాటి కొలతలు నేటికీ చెల్లుతున్నాయి. మారింది వాటికి చెప్పిన కారణం. కనుక జవాబు రాసేటప్పుడు పరిశీలనను, వివరణను వేరుచేసి రాయండి.

ప్రగతి పరిశీలన: 500 డిగ్రీల వద్ద క్షయకరణం చేసిన ప్లాటినం–టైటానియం డయాక్సైడ్ ఉత్ప్రేరకం హైడ్రోజన్‌ను అధిశోషించుకోవడం లేదు. కణాలు కలిసిపోయాయా, వాటి మీద పొర ఏర్పడిందా? ఎలా తేలుస్తారో పది వాక్యాల్లో రాయండి.