నాయన, జేజి

మా హొసపేట ఇంటి వంశవృక్షంలో జేజినాయనకు తండ్రి గడి ఖాళీగా ఉండేది. “చిన్నప్పుడే పోయినాడు” అనేవాళ్లు. టెస్టింగ్ పని మాది, ఖాళీ గడి చూస్తే వదలబుద్ధి కాదు.

2021లో మా పక్క మంజమ్మ జోగతికి పద్మశ్రీ వచ్చినప్పుడు అవ్వ టీవీ చూసి, ట్రంకులోంచి ఫోటో తీసింది. చీరలో మా ముత్తాత.

1930లలో, ఇద్దరు పిల్లలు పుట్టినాక, ఆయన తుంగభద్ర దాటి హులిగెమ్మ గుడిలో ముత్తు కట్టించుకున్నాడంట. అంటే దేవి పూసల దండ వేయించుకుని జోగప్ప అయినాడు. అంతవరకు తలుపేసుకొని కట్టిన చీర, ఆ పొద్దునుంచి వీధిలో కట్టినాడు. ముత్తవ్వ అలిగి పుట్టింటికి పోయింది, ఏడాదికి తిరిగొచ్చింది. పిల్లలు కడదాకా ‘నాయనా’ అనే పిలిచినారు. మనుమలకు మాత్రం ‘జేజి’.

ఏటి అవతల నిజాం రాజ్యం. 1919 నాటి నిజాం చట్టంలో, నపుంసకులని రిజిస్టర్లో ఎక్కినవాళ్లు ఆడబట్టలతో బయట కనబడినా, పదహారేళ్లలోపు మగపిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకున్నా నేరం. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో! మా ఒడ్డు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ చట్టం ఇటు రాలేదు.

ఆ ఫోటోను ఇప్పుడు తండ్రి గడిలోనే పెట్టినాము.