సెల్ఫ్ తీసుకోని మధ్యాహ్నాలు

ఇంగ్లీషు నుంచి మన డ్రైవర్లు తెచ్చుకున్న మాటల్లో నాకు బాగా నచ్చింది ‘సెల్ఫ్’. సెల్ఫ్ స్టార్టర్ అన్న జంటపదంలో రెండోదాన్ని వదిలేసి మొదటిదాన్నే ఉంచుకున్నారు. సెల్ఫ్ కొట్టు. సెల్ఫ్ తీసుకోవట్లేదు. సెల్ఫ్ పోయింది. వేదాంతం క్లాసులో వినబడాల్సిన వాక్యాలు మెకానిక్ షెడ్లో వినబడతాయి.

ఈ సెల్ఫ్‌కి ఒక వింత జబ్బు ఉంది. పొద్దున ఒక్క కొట్టుకే లేచిన బండి, ఎండలో ఓ నలభై కిలోమీటర్లు నడిచి, ఆపి టీ తాగి వచ్చేసరికి మొరాయిస్తుంది. గంటసేపు నీడన వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. మెకానిక్ వచ్చేసరికి రోగం మాయం. అందుకే దీని గురించి వాదనలెక్కువ, వైద్యం తక్కువ.

కారంపూడి పేరు చెప్పగానే గుర్తొచ్చేది నాగులేటి ఒడ్డు, వీర్ల గుడి, 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం. చరిత్ర రాయాలంటే వాటి గురించే రాయాలని మనకో అలవాటు. కానీ వేసవి వార్తల్లో ఏటా వినబడే రెంటచింతల కూడా ఆ పల్నాడులోదే. ఆ నాపరాతి నేల మీద మధ్యాహ్నం రెండింటికి పెళ్ళివారిని దింపి ఆగిన అంబాసిడర్‌కీ ఒక చరిత్ర ఉంది. అది లేవకపోతే ఎవరి ఒళ్ళు అలిసేదన్నదే ఆ చరిత్ర.

మొదట్లో అలిసేది క్లీనర్ ఒళ్ళే. బండి ముందు బంపరు దగ్గరున్న కంతలో ఇనప హ్యాండిల్ దూర్చి, ఇంజన్ని చేత్తో తిప్పాలి. తిప్పడానికి పద్ధతి ఉంది: బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, కిందికి నొక్కకుండా పైకి లాగాలి. ఇంజన్ వెనక్కి తన్నితే హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది, మణికట్టు విరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై బొగ్గు బస్సులు వచ్చాక ఈ చాకిరీ ఇంకా పెరిగింది. బస్సు వెనక నిలబెట్టిన పీపాలో బొగ్గు రాజేసి, చేత్తో ఫ్యాను తిప్పి తిప్పి, గ్యాసు పుట్టించి, ఆ తర్వాత గానీ ఇంజన్ జోలికి పోలేరు. పాసింజర్లు సీట్లలో కూచుని ఆలస్యానికి విసుక్కునేవాళ్ళు.

ఈ చాకిరీని తప్పించినవాడు ఛార్లెస్ కెటరింగ్, అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో. అతనంతకు ముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేశాడు. దుకాణాల్లో గల్లాపెట్టెని కరెంటుతో తెరిపించే మోటారు తయారుచేశాడు. అక్కడే అతనికి తట్టింది అసలు సంగతి. రోజంతా తిరగాల్సిన మోటారు పెద్దదిగా ఉండాలి. రెండు మూడు సెకన్లు మాత్రమే తిరిగేదైతే, చిన్నదాని చేతే దాని తాహతుకి మించిన పని చేయించొచ్చు. వేడెక్కేలోపు ఆపేస్తాం కదా! ఆ లెక్క మీద పుట్టిన సెల్ఫ్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లతో రోడ్డెక్కింది. ఫోర్డ్ మోడల్ టీకి అది దొరకడానికి 1919 దాకా పట్టింది. హ్యాండిల్‌తో కుస్తీ పట్టే పని లేకపోయేసరికి ఆడవాళ్ళు ఒంటరిగా కారు తీసుకెళ్ళడం తేలికైంది.

చల్లారడానికి వ్యవధి దొరుకుతుందన్న నమ్మకమే దాని ఆధారం. ఆ వ్యవధి లేకుండా చేసినవి అమెరికావాళ్ళ మజిల్ కార్లు.

1964లో పాంటియాక్ కంపెనీ జీటీవో అనే కారు తెచ్చింది. మధ్యరకం సైజు బండిలో 6.4 లీటర్ల వీ8 ఇంజన్ కుక్కారు. కుర్రకారు ఎగబడ్డారు, మిగతా కంపెనీలు వెంటపడ్డాయి. పెద్ద ఇంజన్, ఎక్కువ కంప్రెషన్, ఇరుకు చోటు. తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. ఆ బలం ఇవ్వాల్సిన సెల్ఫ్ మోటారు కిందెక్కడో, ఎగ్జాస్ట్ గొట్టాల పక్కన ఇరుక్కుని ఉంటుంది. స్పీడ్ కోసం కుర్రాళ్ళు బిగించుకున్న హెడర్ గొట్టాలైతే దాన్ని ఇంచుమించు ఒరుసుకుంటూ పోతాయి. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది. ఆపగానే గాలి పోతుంది, ఇంజన్ కక్కే వేడంతా దాన్నే కమ్ముకుంటుంది. ఆపిన పావుగంటకి సెల్ఫ్ ఆపినప్పటి కంటే వేడిగా ఉంటుంది. టీ తాగొచ్చే టైమే అది.

వేడికి ఏమవుతుంది? రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల తీగ 120కి చేరితే దాదాపు 39 శాతం ఎక్కువ. సెల్ఫ్ మీద కూచునే సొలినాయిడ్ లోపలున్నది రాగి చుట్టే. కరెంటు తగ్గితే అయస్కాంతం బలం తగ్గుతుంది, లోపలి కడ్డీని చివరిదాకా లాగలేదు. ‘టక్’ మని ఊరుకుంటుంది, లేదా ఆ చప్పుడు కూడా రాదు. జనరల్ మోటార్స్ బండ్లలో ఆ సొలినాయిడ్‌కి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రాదు. డాష్‌బోర్డు వెనక తాళం స్విచ్ దాకా వెళ్ళి, నాలుగు జాయింట్లు దాటి, సన్నటి వైరు మీద కిందికి దిగుతుంది. బండి పాతబడేకొద్దీ ప్రతి జాయింటూ కాస్త కాస్త సుంకం వసూలు చేసుకుంటుంది.

ఫోర్డ్ వాళ్ళు మొదటినుంచీ సొలినాయిడ్‌ని సెల్ఫ్ మీద పెట్టకుండా, దూరంగా ఫెండర్ లోపలివైపు చల్లటి చోట బిగించారు. దాంతో షెవర్లే, పాంటియాక్ ఓనర్లు పోటీ కంపెనీ సొలినాయిడ్ కొనుక్కొచ్చి తమ బండ్లకి తగిలించుకోవడం మొదలైంది. కంపెనీల మీద వీరాభిమానం ఉన్న మనుషులకి ఇదెంత నామోషీయో ఊహించుకోండి. ఇందులోనూ మంచీ చెడూ ఉంది. కొందరు పెద్ద కేబుల్ కరెంటంతా ఫోర్డ్ సొలినాయిడ్ గుండా మళ్ళిస్తారు. అలా చేస్తే తాళం వదిలాక కూడా, మోటారు ఇంకా తిరుగుతూ పుట్టించే కరెంటుకి గేరు క్షణంసేపు విడవకుండా పట్టుకుని ఉంటుంది. దానికంటే బ్యాటరీ దగ్గర ఒక రిలే పెట్టి, సెల్ఫ్ మీది సొలినాయిడ్‌ని పిలిచే చిన్న వైరుకి మాత్రం దాని నుంచి నిండు కరెంటు ఇవ్వడం నయం. క్రైస్లర్ ఇంజనీర్లు ఇంకో దారి పట్టారు. 1960ల మొదట్లోనే మోటారుకీ పళ్ళచక్రానికీ మధ్య మరో గేరు పెట్టి, తక్కువ కరెంటుతో ఎక్కువ బలం రాబట్టారు. ఇవాళ అందరూ వేయించుకునే చిన్న సైజు సెల్ఫ్‌లది కూడా ఆ గేరు కిటుకే.

అయితే కొత్త సెల్ఫ్ కొనే ముందు చూడాల్సింది వైర్లు. ఇక్కడ కడుపు మండే లెక్క ఒకటి ఉంది. పెద్ద వీ8ని తిప్పేటప్పుడు 200 ఆంపియర్లకి పైగా కరెంటు పారుతుంది. ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు వల్ల ఓమ్‌లో నూరో వంతు నిరోధం చేరినా చాలు, 2 వోల్టులు అక్కడే హారతి కర్పూరం. 12 వోల్టుల బండిలో అది ఆరో వంతు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పోయేదానికి ఎంతమంది మోటార్లు మార్పించారో! మీటరు పెట్టి చూసే ఓపికుంటే, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 9.6 వోల్టుల కంటే దిగకూడదు. పాజిటివ్ కేబుల్ ఈ చివరా ఆ చివరా తేడా అర వోల్టు మించకూడదు. ఇవి సరిగ్గా ఉండి కూడా మూలుగుతూ తిరుగుతుంటే టైమింగ్ చూడాలి. స్పీడ్ మోజుతో డిస్ట్రిబ్యూటర్‌ని మరీ ముందుకి తిప్పితే, వేడి ఇంజన్ సెల్ఫ్‌కి ఎదురు తంతుంది. వెనకటి క్లీనర్ మణికట్టు విరిచిన తన్ను అదే. రేకు అడ్డం పెట్టడం, గొట్టాలకి వేడి ఆపే పట్టీ చుట్టడం ఇవన్నీ అయ్యాక చేసే పనులు.

అమెరికావాళ్ళు దీనికి ఇంత వైద్యం ఎందుకు కనిపెట్టారు? వాళ్ళకి వేరే గతి లేదు కాబట్టి అని నా అభిప్రాయం. హ్యాండిల్ కంత ఎప్పుడో పోయింది. ఆటోమేటిక్ గేరుబాక్సుల్లోంచి వెనక పంపు 1960ల నడిమికల్లా తీసేశారు. ఆ పంపు లేనిదే బండిని నెట్టి స్టార్ట్ చేయలేరు. సెల్ఫ్ తీసుకోలేదంటే జీటీవో ఎన్ని కండలున్నా ఇనప ముద్దే. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ తెలిసే ఉంటుంది. 1995 నుంచి ఆగస్టులో జరిగే పాత కార్ల తిరనాళ్ళు అది. ఎండలో నత్తనడక నడిచి ఆగే ఆ బండ్లకి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు.

మన దగ్గర గతి ఉంది. మనుషులున్నారు. నలుగురు దిగి తోస్తే, సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే అంబాసిడర్ లేస్తుంది. హ్యాండిల్ ఎలాగూ ఉండనే ఉంది. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ పెట్టాక సెల్ఫ్ మోటార్లు ఇక్కడే తయారయ్యాయి, రిపేరు చేసే చేతులూ పెరిగాయి. అయినా చాలామంది డ్రైవర్లు జబ్బు కుదర్చడం మాని, వాలు చూసి బండి ఆపడం నేర్చుకున్నారు. తోసేవాడి శ్రమ బిల్లులో పడదు గనక, మరమ్మతు ఖర్చుగా కనిపించేది.

ఇంకో తిరకాసు ఉంది. వేడికి ఆగిన అంబాసిడర్‌లో చాలాసార్లు సెల్ఫ్ తప్పేం ఉండదు. దాని 1489 సీసీ ఇంజన్లో సెల్ఫ్ ఒకవైపు, ఎగ్జాస్ట్ మరోవైపు. ఎగ్జాస్ట్ పక్కనే ఉన్నది కార్బురేటర్. ఆ వేడికి పెట్రోలు ఆవిరై, పంపు లాగాల్సిన చోట బుడగలు చేరతాయి. సెల్ఫ్ చకచకా తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ‘టక్’ మని ఆగిపోతే వైర్లూ సొలినాయిడూ, మూలుగుతూ తిరిగితే ఎర్త్ లేదా టైమింగ్, హుషారుగా తిరిగి కూడా లేవకపోతే పెట్రోలు. ఈ తేడా చెవితో పట్టగలిగినవాడే మెకానిక్. పట్టలేనివాడు తిప్పీ తిప్పీ బ్యాటరీ దించేసి, చివరికి సెల్ఫ్ పోయిందని తేల్చేవాడు.

అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. అంతకు ముప్ఫై ఏళ్ళ క్రితం, 1983లో వచ్చిన మారుతి 800కి హ్యాండిల్ కంతే లేదు. ఇంకా అంబాసిడర్ ఉంచుకున్నవాళ్ళ డిక్కీలో ఓ గుడ్డపీలిక, నీళ్ళ సీసా ఉంటాయి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయడానికి. మజిల్ కారువాళ్ళకి అది పనికిరాదు. కాలుతున్న సెల్ఫ్ మీద నీళ్ళు మాత్రం పోయకండి, బానెట్ ఎత్తి పెట్టి ఇంకో టీ చెప్పండి.