మడమ ఎముకను నిలిపిన మార్గములు

తాటిచెట్టునుండి జారిన గీతకార్మికుడు గాని, పరంజిపై కాలు తప్పిన తాపీపనివాడు గాని పాదములపై నిలువుగా పడినపుడు దేహభారమంతయు మడమ ఎముకపై పడును. పైనున్న ఎముక ఉలివలె దిగి దానిని చీల్చును. గతుకునేలపై పాదమును ప్రక్కలకు ఒరగనిచ్చు కీలు అచ్చటనే కలదు. అది చెడినచో ప్రాణమునకు హాని లేకున్నను జీవనోపాధికి హాని కలుగును. ఈ ఎముకను నిలుపుటకు వైద్యులు చేసిన యత్నముల చరిత్రను శ్రోతలకు మనవి చేయుదుము.

1908లో బోస్టను నగర వైద్యులు కాటన్, విల్సన్ అనువారు ఉబ్బిన మడమ ప్రక్కను సుత్తితో తట్టి లోనికి ఇముడ్చు పద్ధతిని ప్రకటించిరి. చర్మము తెగదు, కాని లోపల కుంగిన కీలు పైకి రాదు. 1931లో వియన్నా వైద్యుడు లోరెంజ్ బోలర్ ఆ కుంగుబాటును ఎక్స్‌రే చిత్రముపై కొలుచు మార్గము చూపెను. ఆయన గీచిన కోణము సామాన్యముగా 20 మొదలు 40 డిగ్రీల వరకు ఉండును; ఎముక అణగినకొలది తగ్గును.

1948లో స్వీడను దేశీయుడు పామర్ మడమను కోసి, కుంగిన కీలును ఎత్తి, క్రింది ఖాళీని వేఱొక ఎముక తునకతో పూరించు పద్ధతిని వివరించెను. 1952లో ఎసెక్స్ లోప్రెస్టి వ్యాసము వెలువడెను; అప్పటికి ఆయన జీవించి లేడు. వెనుకనుండి లోహపు మేకును గ్రుచ్చి, గునపముతో రాతిని లేపినట్లు విరిగిన తునకను లేపి, మేకుతో సహా పిండికట్టు వేయుట ఆయన మార్గము. నాలుకవలె వెనుకకు సాగిన తునకకు ఇది చక్కగా కుదిరెను; ముక్కలు పెక్కైనచో చాలకపోయెను.

1958లో స్విట్జర్లాండులో ఏర్పడిన ఏ.ఓ. సంఘము లోహపు పలకలు, మరమేకులతో ఎముకలను బిగించు విద్యను వ్యాపింపజేసెను. మడమ వెలుపలి ప్రక్కను పెద్దగా కోసి పలక బిగించుట క్రమముగా అలవడెను. ముక్కలు కదలవు, కాని అచ్చటి చర్మము పలుచన, దాని క్రింద కండ లేదు. గాయము మానక చీము పట్టుట పెద్ద చిక్కైనది. 2002లో కెనడాలోను, 2014లో బ్రిటనులోను వెలువడిన పరిశీలనలలో శస్త్రచికిత్స పొందినవారికిని పొందనివారికిని మొత్తముమీద గొప్ప భేదము కనబడలేదు.

నేడు పెక్కుచోట్ల చీలమండ క్రింద చిన్న కోత చేసి, మరమేకులో చిన్న పలకయో అమర్చుచున్నారు. గాయపు చిక్కులు దీనియందు తక్కువ. ఎముకను పట్టి నిలుపు బలము ఎంత అవసరమో, దానిని కప్పిన చర్మము ఓర్చుకొనుటయు అంతే అవసరమని ఈ చరిత్ర తెలుపుచున్నది. కావున పడినవాని ఇంటివారు ఏ పలక వేసెదరని వైద్యుని అడుగుటకు ముందు, అతనికి పొగ త్రాగు అలవాటుగాని మధుమేహముగాని ఉన్నచో ఆ మాట దాచక చెప్పుట మేలు.