ఎర్రబుగ్గ ఆరింది, కూడలి ఆగుతూనే ఉంది

2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. రాష్ట్రపతి మొదలుకొని రాష్ట్ర మంత్రి వరకు ఏ ప్రముఖుని కారు మీదా మే 1 నుంచి ఎర్రబుగ్గ ఉండరాదన్నది దాని సారాంశం. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 108వ నియమాన్ని అందుకు అనుగుణంగా సవరించారు. కొందరు మంత్రులు తమ కార్ల పైనుంచి బుగ్గలను స్వయంగా ఊడబెరికి, చేత పట్టుకొని ఫొటోలకు నిలబడ్డారు. దేశంలో వీఐపీ సంస్కృతి ముగిసిందని ప్రచారం హోరెత్తింది.

బుగ్గ పోయిన మాట నిజం. అయితే బుగ్గ కారుకు ముందు పరుగెత్తే పోలీసు పైలట్ వాహనం పోలేదు, దాని మీది దీపాలూ పోలేదు. అత్యవసర సేవల వాహనాలకు మినహాయింపు ఉంది, పోలీసు వాహనం ఆ కోవలోకే వస్తుంది. కూడలిలో కానిస్టేబుల్ ఎత్తిన చెయ్యి కూడా దిగలేదు. భారతదేశపు రోడ్లను ఇన్నేళ్లుగా ఆపుతున్నది ఆ చెయ్యే. దానికి ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే నూట అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1857 తిరుగుబాటు అణగారిన తరువాత బ్రిటిష్ ప్రభుత్వం 1861లో పోలీసు చట్టం తెచ్చింది. అందులోని 31వ సెక్షన్ వీధుల్లో, రహదారుల్లో, స్నానఘట్టాల దగ్గర, పడవల రేవుల్లో క్రమం నిలపడం పోలీసు విధి అంటుంది. ఊరేగింపుల వేళ, జనం కిక్కిరిసే వేళ రాకపోకలకు అడ్డు రాకుండా చూడమంటుంది. అంతకుముందరి 30వ సెక్షన్ ఊరేగింపులను నియంత్రించే అధికారాన్నిస్తుంది. పండుగల్లో వీధిలో ఎంత మేరకు వాద్యాలు మోగించవచ్చో కూడా పోలీసు అధికారే నిర్ణయించవచ్చు. పాలితుల మీద పాలకుడికున్న అనుమానం ఈ చట్టంలో అడుగడుగునా కనిపిస్తుంది. అయినా 31వ సెక్షన్ వరకు చూస్తే, దాని ఉద్దేశం దారిలోని అడ్డు తొలగించడం. అడ్డుపడడాన్ని 34వ సెక్షన్ నేరమంటుంది. తరువాతి కాలంలో వీధికి అతి పెద్ద అడ్డుగా నిలబడింది ఆ అడ్డును తొలగించవలసిన ఉద్యోగే కావడం విడ్డూరం. హైదరాబాదుది వేరే కథ. అక్కడ ట్రాఫిక్ ఆంక్షల ఉత్తర్వులు ఇప్పటికీ 1348 ఫసలీ నాటి, అంటే నిజాం జమానా నాటి, నగర పోలీసు చట్టాన్నే ఉటంకిస్తుంటాయి.

చట్టం ఇలా ఉండగా పాలకుని ప్రయాణం అప్పట్లో ఊరేగింపు. జనం చూడాలనే అది. 1912 డిసెంబర్ 23న వైస్రాయ్ హార్డింజ్ కొత్త రాజధాని ఢిల్లీలోకి సతీసమేతంగా ఏనుగు మీద ప్రవేశించాడు. చాందినీ చౌక్‌లో అంబారీ మీద బాంబు పడింది. వైస్రాయ్ గాయపడ్డాడు, వెనుక గొడుగు పట్టిన సేవకుడు మరణించాడు. పథకం వెనుక ఉన్న రాస్‌బిహారీ బోస్ జపాన్ చేరుకోగా, ఢిల్లీ కుట్ర కేసులో నలుగురిని 1915లో ఉరి తీశారు. వీధి పొడవునా బందోబస్తు ఉండగానే ఇదంతా జరిగింది. కనిపించడమే అధికారమనుకున్న పాలకునికి కనిపించడమే ప్రమాదమని ఆ రోజు తెలిసింది. నల్లద్దాల కార్లు చాలా కాలం తరువాత వచ్చాయి గాని, వాటి అవసరం పుట్టింది ఆ అంబారీ మీదే.

స్వతంత్ర భారతం మొదట ఈ పాఠాన్ని పట్టించుకోలేదు. 1948 జనవరి 20న బిర్లా భవన్‌లో బాంబు పేలిన తరువాత కూడా, ప్రార్థన సభకు వచ్చేవారిని పోలీసులు సోదా చేయడానికి గాంధీ ఒప్పుకోలేదు. పది రోజులకు హత్య జరిగింది. అంత పెద్ద దెబ్బ తిన్నాక కూడా నాయకుని చుట్టూ గోడ కట్టే వ్యవస్థ వెంటనే రాలేదు. అది 1984 అక్టోబర్ 31 తరువాత వచ్చింది. ఇందిరా గాంధీ హత్యానంతరం 1985లో ప్రత్యేక రక్షణ దళం, ఎస్పీజీ, ఏర్పడింది. 1988లో దానికి పార్లమెంటు చట్టబద్ధత కల్పించింది. 1989లో అధికారం మారగా రాజీవ్ గాంధీకి ఆ రక్షణ పోయింది. 1991 మే 21న ఆయన శ్రీపెరుంబుదూరులో హతుడయ్యాడు. ఆ ఏడే చట్టాన్ని సవరించి మాజీ ప్రధానులను, వారి కుటుంబాలను రక్షణ పరిధిలోకి తెచ్చారు. తరువాత ఆ పరిధి పెరిగి, 2019లో మళ్లీ కుంచించుకుపోయింది. ఆ చర్చ పూర్తిగా రాజకీయం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఇందిరను చంపింది సొంత అంగరక్షకులు, సొంత ఇంటి ఆవరణలో. రాజీవ్‌ను చంపింది బహిరంగ సభలో పూలమాలతో దగ్గరకు వచ్చిన మనిషి. రెండు హత్యల్లోనూ లోపం మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన జాగ్రత్తలో ఉంది. వాటి తరువాత మూతపడినది మాత్రం రోడ్డు. అంగరక్షకుని మనసు చదవడం కష్టం, సభకు వచ్చే జనాన్ని వద్దనడం నాయకులకు రుచించదు. స్కూటర్ మీద పోయేవాణ్ణి ఆపడం తేలిక.

నిజంగా రోడ్డు మీదే జరిగిన దాడి తెలుగువారికి బాగా తెలిసినదే. 2003 అక్టోబర్ 1న బ్రహ్మోత్సవాలకు తిరుమల వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర నక్సలైట్లు క్లేమోర్ మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. వెంట ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి కూడా గాయపడ్డారు. ఆ దాడిలో పనికొచ్చింది కారు దృఢత్వం. విఫలమైంది ముందుగా దారిని అడుగడుగునా తనిఖీ చేయవలసిన పని. ఎదురుగా వచ్చే వాహనాలను ఎన్ని గంటలు ఆపినా రోడ్డు పక్కన పాతిన మందుపాతర కదలదు. కనుక అలిపిరి తరువాత పెరగవలసింది తనిఖీ. అది పెరిగింది కూడా. దానితో పాటు నిలుపుదల సమయమూ పెరిగింది.

పెద్ద ప్రముఖుడి ప్రయాణానికి పోలీసు శాఖలో పాటించే క్రమం సామాన్య పాఠకునికి అంతగా తెలియదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానుల రక్షణకు కేంద్ర హోం శాఖ ‘బ్లూ బుక్’ అనే మార్గదర్శిని ఉంది. మిగిలిన ప్రముఖులకు ‘ఎల్లో బుక్’. రెండూ బజారులో దొరికేవి కావు. పర్యటనకు ముందు కేంద్ర, రాష్ట్ర అధికారులు కలిసి దారి పరిశీలిస్తారు. ప్రత్యామ్నాయ దారి నిర్ణయిస్తారు. ఖాళీ వాహనశ్రేణితో రిహార్సల్ చేస్తారు. రోడ్డు తనిఖీ బృందాలు కల్వర్టుల కింద వెతుకుతాయి. ఆ రోజున హెచ్చరిక వాహనం, పైలట్, ఒకే రకం కార్లు రెండు మూడు, వెనుక ఎస్కార్టు, జామర్, అంబులెన్స్, చివర తోక వాహనం బయలుదేరుతాయి. కార్లు ఒకేలా ఉండడం దేనికంటే, నాయకుడు ఎందులో ఉన్నాడో తెలియకుండా.

ఇక కూడలి సంగతి. వైర్‌లెస్ సెట్టులో కాన్వాయ్ ఏ పాయింటు దాటిందో చెబుతుంటారు. ముందరి కూడలి కానిస్టేబుల్ అది విని అడ్డదారులు మూస్తాడు. లెక్క ప్రకారం రెండు మూడు నిమిషాలు చాలు. కాని నాయకుడు సభా వేదిక నుంచి ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదు. ఆలస్యంగా మూసిన ఎస్సైకి మెమో వస్తుంది. పావుగంట ముందు మూసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. అందుచేత ప్రతి అధికారీ తన భద్రత కోసం ఐదేసి నిమిషాలు ముందుకు జరుపుతూ పోతాడు. ఏ ఉత్తర్వులోనూ లేని అరగంట ఇలా పుడుతుంది.

ఆ అరగంటకు లెక్క చెల్లించినవారున్నారు. 2009 నవంబర్ 3న ప్రధాని మన్మోహన్ సింగ్ చండీగఢ్ పీజీఐ ఆసుపత్రికి వచ్చిన సందర్భంలో బందోబస్తు కారణంగా లోపలికి వెళ్లలేకపోయిన ఒక మూత్రపిండాల రోగి మరణించాడు. ప్రధాని విచారం వ్యక్తం చేశారు. 2021 జూన్ 25 రాత్రి కాన్పూరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాక సందర్భంగా ఆపిన ట్రాఫిక్‌లో చిక్కుకొని, కోవిడ్ నుంచి కోలుకుంటున్న ఒక మహిళా పారిశ్రామికవేత్త ఆసుపత్రికి చేరేలోగా కన్నుమూశారు. నగర పోలీసు కమిషనర్ క్షమాపణ చెప్పారు. ఉన్నతాధికారులు అంత్యక్రియలకు వెళ్లి రాష్ట్రపతి సంతాపం తెలిపారు. ఒక ఎస్సై, ముగ్గురు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. నిలుపుదల నోటిమాటగా పైనుంచి వస్తుంది, సస్పెన్షన్ కాగితం మీద కిందికి వెళుతుంది.

ఆరు నెలలకే నాణానికి రెండో వైపు బయటపడింది. 2022 జనవరి 5న పంజాబ్‌లో హుస్సేనీవాలాకు రోడ్డు మార్గాన వెళుతున్న ప్రధాని మోదీ కాన్వాయ్ ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక ఫ్లైఓవర్ మీద నిరసనకారుల అడ్డగింతతో పదిహేను, ఇరవై నిమిషాలు నిలిచిపోయింది. సుప్రీంకోర్టు జస్టిస్ ఇందూ మల్హోత్రా నేతృత్వంలో సంఘాన్ని వేసింది. తగిన బలగం ఉండి కూడా జిల్లా ఎస్ఎస్పీ విధి నిర్వర్తించలేదని సంఘం తేల్చింది. ప్రధాని ఆగినందుకు సుప్రీంకోర్టు స్థాయి విచారణ, పౌరురాలు మరణించినందుకు నలుగురు చిన్న ఉద్యోగుల సస్పెన్షన్. ఈ తూకం చూసిన ఏ ఎస్సై అయినా రేపు కూడలిని ఏ వైపు మూస్తాడో ఊహించడానికి పెద్ద పరిజ్ఞానం అవసరం లేదు.

కాశ్మీరులో ఇది మరో మెట్టు ఎక్కింది. అక్కడ ప్రముఖుని స్థానంలో సైనికుడున్నాడు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో సీఆర్పీఎఫ్ కాన్వాయ్ మీద ఆత్మాహుతి దాడిలో 40 మంది జవాన్లు మరణించారు. ఏప్రిల్ 7 నుంచి ఉధంపూర్, బారాముల్లాల మధ్య సుమారు 270 కిలోమీటర్ల జాతీయ రహదారి మీద ఆది, బుధవారాల్లో ఉదయం 4 నుంచి సాయంత్రం 5 వరకు పౌర వాహనాలను నిషేధించారు. పెళ్లివారైనా రోగులైనా మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. ఒక ప్రయాణికునికి అరచేతి మీదే అనుమతి రాసి ముద్ర వేసిన ఫొటో దేశమంతా తిరిగింది. జవాన్ల ప్రాణరక్షణ అవసరాన్ని ఎవరూ కాదనలేదు. ఒక ప్రాంతపు ఏకైక జీవనాడిని వారానికి రెండు రోజులు బిగించడానికి పరిపాలనాపరమైన ఉత్తర్వు ఒక్కటి సరిపోవడమే ఆందోళన కలిగించే విషయం.

పొరుగున బంగ్లాదేశ్‌లో ఒకసారి ఈ చెయ్యి మారింది. 2018 జూలై 29న ఢాకాలో బస్సు దూసుకొచ్చి ఇద్దరు విద్యార్థులు మరణించాక, స్కూలు యూనిఫారాల్లోని పిల్లలు వీధుల్లోకి వచ్చి లైసెన్సులు అడిగారు. పోలీసు వాహనాలనూ వదలలేదు. రాంగ్ సైడులో వచ్చిన వాణిజ్య మంత్రి తోఫాయెల్ అహ్మద్ కారును వెనక్కి తిప్పించారు. అంబులెన్సులకు ప్రత్యేకంగా ఒక వరుస ఖాళీ ఉంచారు. ఆ పిల్లలను లాఠీలతో చెదరగొట్టారు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలి పోలీసులు మాయమైనప్పుడు కూడళ్లలో మళ్లీ విద్యార్థులే నిలబడ్డారు.

ప్రముఖుల కోసం నేర్చిన ఈ విద్యకు మన దేశంలోనే మరో ఉపయోగం కనిపెట్టిన నగరం చెన్నై. 2014 జూన్ 16న ప్రభుత్వాసుపత్రి నుంచి అడయారులోని ఆసుపత్రికి దాదాపు 12 కిలోమీటర్లు ఒక గుండెను పద్నాలుగు నిమిషాలలోపే చేర్చారు. అదే పైలట్, అదే వైర్‌లెస్, అవే కూడళ్లు. తేడా ఒక్కటే, గుండె వేదిక మీద ఉపన్యాసం పొడిగించదు, బయలుదేరే సమయం ఖచ్చితం. అందుకే దాని కోసం ఏ కూడలీ అరగంట ఆగదు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో తీసుకువెళ్లారు. ఆ మధ్య దూరానికి రోడ్డుతో పని పడలేదు.

రాజకీయ నాయకులూ అప్పుడప్పుడు తగ్గుతుంటారు. 2021 అక్టోబరులో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కాన్వాయ్ వాహనాలను పన్నెండు నుంచి ఆరుకు కుదించారు. 2023 డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తన కోసం ట్రాఫిక్ ఆపవద్దని పోలీసులకు చెప్పారు. పదిహేను వాహనాలను తొమ్మిది చేశారు. మంచిదే. కాని ఇవన్నీ వ్యక్తి ఇష్టాలు, వ్యక్తితో వచ్చి వ్యక్తితో పోతాయి. సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో అభయ్ సింగ్ కేసులో ఎర్రబుగ్గల మీద గట్టి మాటలే అన్నది. ఆ తీర్పు దీపాల దగ్గర, హారన్ల దగ్గర ఆగింది. కూడలిని ఎంతసేపు మూయవచ్చన్న ప్రశ్న దాని ముందుకు రాలేదు.

నిజానికి దారి ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పే నిబంధన ఉంది. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వరుస చెబుతాయి. మొదట అగ్నిమాపక శకటం, తరువాత అంబులెన్స్, ఆ తరువాత పోలీసు వాహనం, పిదప ఇతర అత్యవసర సేవలు. ప్రముఖుని పేరు ఆ వరుసలో లేదు. ఆయన పోలీసు వాహనం వెనుక నక్కి మూడో స్థానంలో ప్రయాణిస్తాడు. అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి 2019 సవరణ తరువాత ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సెక్షన్ కింద ఏ పైలట్ వాహనం మీదైనా కేసు పెట్టే కానిస్టేబుల్‌ను ఊహించుకోవడం కష్టం.

2017 జూన్‌లో బెంగళూరులో మెట్రో ప్రారంభానికి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వచ్చారు. ట్రినిటీ కూడలిలో విధుల్లో ఉన్న ట్రాఫిక్ ఎస్సై నిజలింగప్ప, వాహనాల మధ్య ఇరుక్కున్న అంబులెన్సును చూసి రాష్ట్రపతి కాన్వాయ్‌ను ఆపి దానికి దారి ఇచ్చారు. పై అధికారులు మెచ్చుకొని నగదు బహుమతి ప్రకటించారు, దేశమంతా ఆయన ఫొటో చూసింది. అంబులెన్స్ వస్తే పక్కకు తొలగి దారి ఇవ్వాలని 1989 నాటి రహదారి నియమాల్లోనే ఉంది.