కణతల్లో మర్జ్, కంట్లో చీకటి

అరబ్బీలో 'కుహ్ల్' అంటే సుర్మా. కంటి హకీంని 'కహ్హాల్' అనడం ఆ మాట నుంచే వచ్చింది. వెయ్యేళ్ల కిందట బగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా అనే కహ్హాల్ 'తజ్కిరతుల్ కహ్హాలీన్' అనే కితాబు రాశాడు. కణతల దగ్గర వేడి, వాపు, తలనొప్పి ఉన్న మరీజుకి చివరికి చూపే పోవచ్చని అందులో చెప్పాడు. ఆయన ఇలాజ్ కణత రగ్గుల్ని తీసేయడం. ఇలాజ్ మాటెలా ఉన్నా ఆయన నజర్ మాత్రం సరిగ్గానే పడింది.

1932లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ హార్టన్ బృందం ఈ మర్జ్‌నే వివరించింది. ఇప్పుడు జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అంటున్నారు. రక్తనాళాలు వాచి కంటి నరానికి ఖూన్ అందదు. యాభై దాటిన బుజుర్గులకే వస్తుంది. కొత్తగా తలనొప్పి, దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి, ఇవీ నిషానీలు. ఇవి కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

1950లో కార్టిసోన్ పరిశోధనకు నోబెల్ వచ్చింది. ఆ జాతి దవాలే, అంటే స్టెరాయిడ్లే, ఈ మర్జ్‌లో ఎందరి చూపునో కాపాడాయి. ఖరీదు లేకుండా కాదు. ఎక్కువకాలం వాడితే మోతియాబిందు రావచ్చని 1960లో తేలింది. కంటి ప్రెషర్ పెరిగి కాలా మోతియా కూడా రావచ్చు. అందుకని భయపడి మాత్రలు మనంతట మనమే ఆపేస్తే ఉన్న చూపుకే ఖత్రా. మోతియాబిందుని ఖలీఫా అల్ హాకిం కాలంలోనే అమ్మార్ అల్ మౌసిలీ బోలు సూదితో పీల్చి తీశాడు. చచ్చిన కంటి నరానికి నేటికీ ఇలాజ్ లేదు.